అక్కడక్కడా

తెల్లవారుజామున నాలుగింటికి
బెలూను వదిలి వచ్చాను.
ఐదువేల మీటర్ల ఎత్తున తడి ఉంది.
కింద, గోధుమ మోళ్ళ మీద, ఏమీ లేదు.
మధ్యలో అంతా పొడి గాలి:
వాన బయల్దేరుతుంది, ఇల్లు చేరదు.
మెరుపుకు ఆ ఇబ్బంది లేదు.

ఆగస్టు ఇరవై ఆరు.
ఓరెగాన్ తూర్పు కొండలకి ఈ పూట సూచన రాయాలి.
రాశాను:
'మధ్యాహ్నం తర్వాత అక్కడక్కడా ఉరుములు, మెరుపులు.
జల్లులు పడినా తడపవు.
గాలి ఒక్కసారిగా దిశ మారవచ్చు.
రాత్రి పదకొండు దాకా ఎర్రజెండా హెచ్చరిక.'

పందొమ్మిదేళ్ళుగా రాస్తున్న మాటే, అక్కడక్కడా.
అరిగిపోయింది, జేబులో పాత తాళంచెవిలా.
చేతికి తగులుతూ ఉంటుంది గానీ
ఏ తలుపుదో ఎవరూ అడగరు.

రోవీనా టిబెట్స్ అడుగుతుంది.
ఆరింటికి ఫోను, వెనక గుర్రం సకిలింపు.
"అక్కడంటే ఎక్కడ?"
డెబ్బై నాలుగేళ్ళు. మూడు గుర్రాలు, ఒక కంచరగాడిద.
ట్రైలర్లో రెండింటికే చోటు.
ఇరవై శాతం అన్నాను.
"ఇరవై శాతం గుర్రాన్ని ఎక్కించలేను కదా" అంది.
ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
నాకు తెలియనిది చెప్పడానికి ఈ ఉద్యోగంలో ఒక్కటే మాట,
అది అప్పటికే రాసేశాను.

పదింటికి ట్రూడీ పైన్ పుల్లలు తూచింది.
వంద గ్రాముల కట్టెలో ఐదు గ్రాముల నీళ్ళు.
"మా అమ్మ కాల్చే బిస్కెట్లలో ఇంతకంటే ఎక్కువుండేవి."
లోయలో లైల్ హాకెన్సన్ కోత ఆపేశాడు.
ఇంకా నూట ఇరవై ఎకరాలుండగా
కంబైన్ దిగి, ట్రాక్టరుకి డిస్కు నాగలి తగిలించి
చేను చుట్టూ మట్టి గీత గీస్తున్నాడు.
పైన వేసవి మేతలో ఇనియాకి
గొర్రెల్ని నిరుడు కాలిన బోడిగుట్ట మీదికి తోలాడు,
కాలింది మళ్ళీ కాలదని.
గడ్డేదని అవి అడుగుతుండటం
రేడియోలో అతని గొంతు వెనక వినిపించింది.

మూడుంపావుకి మబ్బు లేచింది.
నల్లటి పొట్ట, కింద వేలాడే బూడిదరంగు జాలరు.
వానే.
సగం దాకా దిగి, ఏదో మర్చిపోయినట్టు ఆగింది.
తెర మీద పసుపు చుక్కలు, ఒక్కొక్కటీ ఒక పిడుగు.
పదకొండు. ముప్ఫై. నూట నాలుగు.
ప్రతి చుక్కకీ అక్షాంశం ఉంది, రేఖాంశం ఉంది.
ప్రతి చుక్కా ఒక అక్కడ.

ఏడు కౌంటీలు చూడాల్సినవాణ్ణి,
వేలు ఒకే వాగు మలుపు దగ్గర ఆగింది.
మలుపుకి ఆవల రెండు మైళ్ళలో ఒక చుక్క.
ఈవల ఏమీ లేదు.

ఏడింటికి ఉరుములు ఇడాహో వైపు సర్దుకున్నాయి.
మా ఆఫీసు ముందు కార్ల మీద నాలుగు పెద్ద చినుకులు,
దుమ్ములో చిన్న గుంటలు.
వానమాపకంలో కొలతకి అందలేదు.
అలాంటప్పుడు సున్నా రాయకూడదు,
'జాడ' అని రాయాలి.
రాశాను.

కనిపించిన పొగలు ఐదు. ఐదింటికీ మనుషులు వెళ్ళారు.
కనిపించనివి ఎన్నో.
పిడుగు పడ్డ చెట్టు ఒక్కోసారి వెంటనే అంటుకోదు.
వేళ్ళలో మూడు రోజులో, వారమో
నివురు కప్పుకుని పడుకుంటుంది,
గాలి వచ్చి లేపేదాకా.
రేపటి సూచనలో వాన లేదు.
గాలి ఉంది.

తొమ్మిదింటికి మళ్ళీ రోవీనా.
ఎవర్నీ ఎక్కించలేదట.
గేట్లన్నీ తెరిచి, తలతాళ్ళు తీసేసి
డెక్కల మీద తెల్ల పెయింటుతో
తన ఫోను నంబరు రాసిందట.
కంచరగాడిద డెక్క చిన్నది,
చివరి రెండంకెలు పట్టలేదు.
"దొరికినవాళ్ళు ఊహించుకుంటార్లే" అంది,
"నువ్వు చేసేదీ అదేగా."